పిచ్చోడు రాయి విసిరితే తప్పు ఎవరి ఖాతాలో?

కొర్లగుంటోడు

సోమవారం పొద్దున పదిన్నర. షట్టరు ఎత్తి, పటాలకు అగరొత్తులు వెలిగించాను, ఇంకా బోణీ కాలేదు. తిరుపతి కొర్లగుంటలో మా వీధి మలుపులో మూడు నెలలుగా ఒక మనిషి పడుకుంటా ఉన్నాడు. పేరు, ఊరు ఎవరికీ తెలీదు. ఎవరో ఒకరు ఇడ్లీ పెడతారు, తింటాడు, తనలో తనే మాట్లాడుకుంటాడు. ఆ రోజు లేచి నేరుగా షాపు ముందుకొచ్చి, ‘‘ఎందుకురా ఊరికే నా పేరు పిలుస్తా ఉండావు’’ అని అరిచి రాయి విసిరాడు. ముందరి అద్దం మొత్తం రాలింది. షాపులో పనిచేసే పిల్లోడికి నుదుట నాలుగు కుట్లు. అద్దానికి 11,500. అది ఎవరు ఇస్తారు?

స్టేషనుకు పోతే ‘‘పిచ్చోడి మీద కేసేంది సామీ, నిలబడదు, నీకే తిరుగుడు’’ అన్నారు. అంటే మతి సరిగా లేదంటే ఏం చేసినా చెల్లుబాటేనా? ఆ రాయి ఇంకాస్త కిందకి తగిలుంటే పిల్లోడి కన్ను పోయేది. అప్పుడు కూడా ఇదే మాట చెబుతారా? ఇట్లాంటోళ్లని ఊళ్లో తిరగనివ్వడం కరెక్టేనా?

జాలి గురించి మాత్రం క్లాసు పీకొద్దు. ఆ ఇడ్లీలు పెట్టినోళ్లలో నేనూ ఉన్నా.

రాగిసంగటి

దొరికేదాకా తెలివి, దొరికినాక పిచ్చి. పేపర్లో ఏ కేసు చూసినా ఇదే పాట. మానసిక స్థితి బాగలేదు, చిన్నప్పటి నుంచి కష్టాలు, అప్పుల బాధ. కష్టాలు ఎవరికి లేవు? మా నాన్న రేణిగుంట యార్డులో హమాలీ. ఇంట్లో ఆరుగురం. మేమెవరం దొంగలం కాలేదే. కారణం వేరు, సాకు వేరు. రెంటినీ కలిపేసి తప్పు చేసినోడికి దుప్పటి కప్పేస్తా ఉన్నాం.

చిత్తూరు నల్లకోటు

కొర్లగుంట అన్నా, ముందు ఆ పిల్లోడి కుట్లు ఎట్లున్నాయి?

స్టేషన్లో చెప్పింది సగమే నిజం. కేసు పెట్టొచ్చు. మతి ఉందా లేదా తేల్చాల్సింది రైటరు కాదు, కోర్టు. పాత ఐపీసీలో 84వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. నంబరు మారింది గానీ సారం అదే. మతిస్థిమితం లేక, తాను చేసే పని ఏమిటో తెలియకుండా, లేదా అది తప్పని, చట్టం ఒప్పదని తెలుసుకోలేని స్థితిలో చేస్తే అది నేరం కాదు. దీని మూలం లండన్‌లో ఉంది. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ దగ్గర పనిచేసే కార్యదర్శిని కాల్చి చంపాడు. పాలకపక్షం వాళ్లు తన వెంటపడి వేధిస్తున్నారని అతని గట్టి నమ్మకం. శిక్ష వేయలేదని దేశమంతా గోల చేస్తే అక్కడి జడ్జీలు కూర్చుని ఒక సూత్రం చెప్పారు. 1860లో మన ఐపీసీ చట్టం చేసినప్పుడు ఆ సూత్రమే ఇక్కడికి వచ్చింది. కొర్లగుంటలో పడిన రాయిని మనం ఇంకా ఆ కొలతతోనే కొలుస్తున్నాం.

రాగిసంగటి గారి అనుమానానికి ఒక మాట. డాక్టరు చీటీ తెచ్చినోడినల్లా కోర్టు వదిలేయదు. జబ్బు ఉండటం వేరు, చట్టం చెప్పే మతిలేనితనం వేరు. 1964లో దహ్యాభాయి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. భార్యను చంపిన మనిషి పిచ్చి వాదన తెచ్చాడు, నిలబడలేదు. ఆ పని చేసిన సమయానికి మనసు ఎట్లా ఉందన్నదే అసలు ప్రశ్న, అది తెలుసుకోవాలంటే ముందు ఏం జరిగింది, అప్పుడు ఏం జరిగింది, తర్వాత ఏం చేశాడు అని చూడాలి అన్నారు. నరికి, కత్తి కడిగి, చొక్కా మార్చుకుని బస్సెక్కినోడికి ఈ వాదన పనికిరాదు.

నా 22 ఏళ్ల ప్రాక్టీసులో ఈ వాదన గెలిచి మనిషి బయటపడింది ఒక్కసారి. బయటపడ్డాడు అనడం కూడా తప్పే. విశాఖ మానసిక ఆసుపత్రికి పోయాడు. పిచ్చి అని తేలితే ఇంటికి పంపిస్తారనుకోవద్దు. ఇంటివాళ్లు పూచీ ఇచ్చి తీసుకుపోతే సరి, లేకపోతే ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. అస్సాంలో మచాల్ లాలుంగ్ అనే ఆయన్ని 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రిలో పెట్టారు. విచారణ లేదు, తీర్పు లేదు. 2005లో బయటికొచ్చాడు. 54 ఏళ్లు. శిక్ష పడి ఉంటే అంతకంటే చాలా ముందే వచ్చేవాడు.

లీలామహల్ సెంటర్

పేదరికం వల్లే నేరాలు అని ఎవరో మొదలుపెట్టేలోగా నా మాట. 2021 జనవరిలో మదనపల్లెలో జరిగింది మర్చిపోయారా? తల్లిదండ్రులే ఇద్దరు కూతుళ్లని చంపేశారు. కన్నబిడ్డలు! ఆ ఇంట్లో చదువుకు కొదవా, డబ్బుకు కొదవా? మనిషి లోపలే ఏదో ఉంటుంది. బయట పరిస్థితులు అనేది పుస్తకాలోళ్లు చెప్పే మాట.

మోడరేటర్

మదనపల్లె కుటుంబం పేర్లు, వీడియోలు పెట్టకండి. పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.

నైట్‌డ్యూటీ

నేను స్టాఫ్ నర్సుని. 14 ఏళ్లు మానసిక వార్డులోనే. ఏ ఆసుపత్రి అని అడగొద్దు. ఇన్నేళ్లలో నా మీద చెయ్యి చేసుకుంది ముగ్గురు. అందులో ఇద్దరు పేషెంట్లు కాదు, తాగొచ్చిన చుట్టాలు.

లీలామహల్ గారూ, మదనపల్లె అందరికీ గుర్తుంది, ఎందుకంటే అట్లాంటిది ఎప్పుడో గానీ జరగదు. ఆ కేసులో కూడా తల్లిదండ్రుల్ని తిరుపతిలో డాక్టర్లు చూశాకే విశాఖ పంపారు. డబ్బున్న ఇంట్లో రాదని ఎవరు చెప్పారు మీకు? స్కిజోఫ్రీనియాకు పాస్‌బుక్కు చూసి వచ్చే అలవాటు లేదు. వచ్చాక ఏమవుతుంది అనే దగ్గరే డబ్బు, మనుషులు లెక్కలోకి వస్తారు.

అమెరికాలో 1990లలో మెకార్థర్ స్టడీ అని ఒకటి చేశారు. మానసిక వార్డుల నుంచి డిశ్చార్జి అయిన వెయ్యి మందికి పైగా మనుషుల్ని ఏడాది పాటు గమనించారు. పిట్స్‌బర్గ్‌లో మాత్రం వాళ్ల ఇరుగుపొరుగు వాళ్లని కూడా పోల్చి చూశారు. తాగుడు, మత్తు లేని పేషెంట్లకూ, అవి లేని పక్కింటి వాళ్లకూ గొడవల్లో పెద్ద తేడా కనపడలేదు. తాగుడు తోడైతే రెండు వైపులా పెరిగింది, పేషెంట్లలో ఆ తాగుడు ఎక్కువగా ఉంది. వాళ్లందరూ ఉండే పేటే అంత, ఆ వీధిలో ఉన్న ఎవరికైనా కొట్లాట దగ్గర.

ముప్పు అసలు లేదని నేను చెప్పను. అట్లా చెప్తే అబద్ధం. చెవిలో మాటలు వినపడి, అవి ‘‘వాడు నిన్ను చంపడానికే వస్తన్నాడు’’ అని చెప్తా ఉంటే, మందు ఒక్కటీ లోపలికి పోకపోతే, ఆ మనిషి దగ్గర జాగ్రత్తగానే ఉండాలి. ఘోరాలు జరిగే కేసుల్లో ఓ పెద్ద భాగం జబ్బు మొదటి విడతలోనే, అంటే వైద్యం ఇంకా మొదలే కానప్పుడు. మీ షాపు ముందు అరిచిన మాట చూడండి. ‘‘నా పేరు ఎందుకు పిలుస్తా ఉండావు’’ అన్నాడు. ఆయనకి ఎవరో పిలుస్తానే ఉన్నారు, అన్నా. మీరు కాదు గానీ.

రాగిసంగటి

బాగుంది అక్కా. తాగుడు అన్నారు కాబట్టి అడుగుతా. మా నాన్న తాగేవాడు. హమాలీ కూలి సాయంత్రానికి సగం అయ్యేది. మా అమ్మ చెయ్యి రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చింది. బావి దగ్గర జారిపడ్డా అని చెప్పింది, కట్టు కట్టినాయన ఏం మాట్లాడలేదు. అదే ఇంట్లో మా చిన్నాయన ఉండేవాడు. అదే యార్డు, అదే మూట, అదే కూలి. ఆయన జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మీ పేద బతుకు, మీ ఒత్తిడి, అన్నీ ఇద్దరికీ ఒకటే కదా? ఇప్పుడు మా నాన్నది కూడా జబ్బే అంటారు మీరు. అనండి. మరి మా అమ్మ చేతికి ఎవరు జవాబు?

నైట్‌డ్యూటీ

మీ నాన్నే జవాబు. నేను ఇంకో మాట అనను.

చిత్తూరు నల్లకోటు

చట్టం కూడా అదే చెబుతుంది. తనంతట తాను తాగి చేసినదానికి మినహాయింపు లేదు. తనకు తెలియకుండానో, తనకు ఇష్టం లేకుండానో ఎవరైనా తాగిస్తే తప్ప. ‘మత్తులో ఉన్నాను’ అని వచ్చేవాళ్లకు నేను ఫీజు తీసుకోకముందే ఇది చెప్తాను, సగం మంది లేచి పోతారు.

మామండూరు

రాగిసంగటి అన్నా, మీ చిన్నాయన మాట నిజం. కష్టం ఉన్నంత మాత్రాన అందరూ తప్పు చేయరు. అయితే తప్పు చేసినాక ఎవరు లోపలుంటారు, ఎవరు బయటుంటారు అన్నది చూడండి.

మాది అడవి అంచు ఊరు. ఎర్రచందనం కేసుల్లో పట్టుబడే వాళ్లని చూస్తానే పెరిగాం. సగం మందికి తెలుగు రాదు. తమిళనాడులో జవ్వాది మలై కొండల నుంచి, తిరువణ్ణామలై, ధర్మపురి వైపు నుంచి వచ్చే కూలీలు. గొడ్డలి వాళ్ల చేతిలో, దుంగ వాళ్ల భుజం మీద. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో పోయిన 20 మంది అట్లాంటి వాళ్లే. ఆ దుంగ చెన్నై దాటి ఓడెక్కినాక లాభం తిన్నోడి మొహం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. వాళ్లు చేసింది తప్పు కాదని నేను అనడం లేదు. మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పెట్టినప్పుడు ఇంట్లో ఏముందో కూడా చూడమంటా ఉన్నా.

రాగిసంగటి

అడ్వాన్సు తీసుకున్నోళ్లందరూ అడవిలోకి పోలేదు కదన్నా. నా ప్రశ్న అక్కడే ఉంది.

రిటైర్డ్ హెడ్డు

నేను హెడ్ కానిస్టేబుల్‌గా దిగినోడిని. పేరెందుకు లెండి. రెండు మాటలు చెప్తా, మా డిపార్టుమెంటోళ్లకు నచ్చకపోయినా.

ఒకటి, కొర్లగుంట తమ్ముడు అడిగిన మనిషి గురించి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 100వ సెక్షన్ ఉంది. మతి తప్పి రోడ్డున తిరిగే మనిషి కనపడితే స్టేషను ఆఫీసరు రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటల్లోపు దగ్గర్లో ఉన్న సర్కారు ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులో, జైల్లో పెట్టకూడదు. కాగితం మీద బంగారం. ఇక రాత్రి రెండింటికి చూడండి. జీపులో ఆ మనిషి, నేను, ఒక హోంగార్డు. ఆసుపత్రిలో ‘‘పేషెంటు తరఫు మనిషి ఎవరు’’ అన్నారు. నేనే అన్నా. సంతకం పెట్టించుకున్నారు. నాలుగో రోజు ఫోను, ‘‘మీ పేషెంటుని డిశ్చార్జి చేస్తున్నాం, వచ్చి తీసుకుపోండి’’ అని. మా ఆవిడ ఫోనెత్తింది. ఎవరా పేషెంటు అని రెండు రోజులు నాతో మాట్లాడలా.

ఇంకా తిరుపతి అంటే వేరే తంటా ఉంది. ఎక్కడెక్కడి నుంచో రైలెక్కించుకుని వస్తారు. గుండు కొట్టిస్తారు, దర్శనం చేయిస్తారు, సత్రం వరండాలో కూర్చోబెట్టి టీ తెస్తాం ఉండు అని పోతారు. అంతే. సామి చూసుకుంటాడు, అన్నదానం ఉంది, ఆకలితో చావడు అని. ఒక కుర్రోడి జేబులో చీటీ దొరికింది నాకు, హిందీలో. చదివించుకుంటే ‘ఇతనికి ఎవరూ లేరు’ అని ఉంది. ఎవరూ లేకపోతే ఆ చీటీ రాసిందెవరు సామీ?

రెండోది, ఎవరు నేరస్తులు అనే లెక్క గురించి. మేము చేరినప్పుడు బండి పోయిందంటే ముందు పాత నేరస్తుల కేడీ లిస్టు తీసేవాళ్లం. జీపు నాలుగు పేటలకే తిరిగేది. ఆ పేటలోళ్లే స్టేషనుకొస్తారు, వచ్చినోళ్ల పేరే పుస్తకంలోకెక్కుతుంది, పుస్తకంలో ఉన్నోడినే మళ్లీ తెస్తాం. తెల్లోళ్ల కాలంలో 1871లో చట్టం చేసి కొన్ని కులాలు పుట్టుకతోనే దొంగలన్నారు. మన మద్రాసు ప్రెసిడెన్సీలోకి 1911లో వచ్చింది. ఎరుకలోళ్లు పొద్దూ రాత్రీ హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, ఊరు దాటితే చీటీ కావాలి. ఆ చట్టం 1952 నాటికి దేశమంతా పోయింది. జీపు పోయే దారి మాత్రం చాలా ఏళ్లు మారలేదు, నేను నడిపించినోడినే చెప్తున్నా.

లీలామహల్ సెంటర్

అయితే అందరూ అమాయకులే, జైళ్లు మూసేద్దామా పెద్దాయనా?

రిటైర్డ్ హెడ్డు

నేను అట్ల అనలా. నేను పట్టుకున్నోళ్లలో నిజం దొంగలూ ఉన్నారు, పక్కా మాయగాళ్లూ ఉన్నారు. మతి సరిగా లేక తమను తాము చూసుకోవడం చేతకానోళ్లు కూడా ఉన్నారు. వాళ్లు జైలుకు పోవడానికి కారణం ఇంకెక్కడా ఖాళీ లేకపోవడమే.

నైట్‌డ్యూటీ

పెద్దాయన చెప్పింది పాత సంగతే ఇంకో రూపంలో. లయొనెల్ పెన్రోజ్ అనే ఇంగ్లండు డాక్టరు 1939లో 18 ఐరోపా దేశాల లెక్కలు తీశాడు. మానసిక ఆసుపత్రుల్లో మంచాలు తక్కువున్న చోట జైళ్లలో జనం ఎక్కువున్నారు. ఆ తర్వాత చాలామంది దాన్ని తప్పుబట్టారు, అన్ని చోట్లా నిలబడదు. మన దగ్గర 2015-16లో బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ వాళ్లు దేశంలో 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. మన ఆంధ్ర ఆ పన్నెండులో లేదు. తీవ్రమైన మానసిక జబ్బులున్న వాళ్లలో నూటికి 70 మందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. మన పరిస్థితి అంతకంటే మెరుగని నాకైతే అనిపించదు. తిరుపతి నుంచి స్థోమత ఉన్నోళ్లు వేలూరు పోతారు, బెంగళూరు పోతారు. లేనోళ్లు చెట్టు దగ్గరికి పోతారు, తాయెత్తు కట్టించుకుంటారు.

మామండూరు

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. లైటు తీసేసి రాస్తున్నా.

మా తమ్ముడు. చిత్తూరు దగ్గర గ్రానైట్ పాలిష్ పట్టే చోట పని. మంచి పనోడు, చేతికి దెబ్బ తగలనివ్వడు. కరోనా లాక్‌డౌన్‌లో పని ఆగింది, ఇంటికొచ్చాడు. ఆ ఏడాది చివరికి రాత్రుళ్లు నిద్రపోవడం మానేశాడు. మిద్దె మీద నడుస్తా ఎవరితోనో వాదించేవాడు. ముందు దిష్టి అన్నాం. కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాం. ఒక మంత్రగాడు వేపమండలతో కొట్టాడు, దానికి 6,000 ఇచ్చాం. కొట్టించుకున్నందుకు మేమే డబ్బులిచ్చాం, ఇప్పుడు తలుచుకుంటే... సరే.

చివరికి ఎవరో చెబితే ఆసుపత్రికి పోయాం. మాత్రలిచ్చారు. నెల రోజులకి మనిషి మనిషయ్యాడు. ఏడు నెలలు బాగున్నాడు. కోళ్లఫారంలో పనికి కుదిరాడు. అప్పుడు సంబంధం వచ్చింది. పెళ్లిచూపులకు ఆడపిల్ల తరఫున మేనమామ ముందే వచ్చి ఇల్లు చూసిపోతాడని తెలిసింది. మా అమ్మ భయపడి మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ములో దాచింది. ఓపీ చీటీలన్నీ పొయ్యిలో వేసింది. ‘‘బాగానే ఉన్నాడు కదా, పెళ్లయ్యేదాకా ఆపుదాం’’ అంది. నేనూ సరే అన్నా. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

సంబంధం కుదరలా. ఆరు వారాలకి మళ్లీ మొదలైంది. ఒక రోజు తిరుపతిలో సత్రం ముందు తాళంచెవి పెట్టి ఉన్న బైకు ఎక్కి పోయాడు. నగరి దగ్గర పెట్రోలు అయిపోయింది. పక్కన కూర్చున్నాడు. పారిపోలేదు. ఎవరన్నా అడిగితే ‘‘దేవుడి బండి, తోలుకు రమ్మన్నారు’’ అన్నాడంట. దొంగతనం కేసు. రిమాండు. బెయిలుకు ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇంటిపన్ను రసీదులతో. మా చుట్టాల్లో ఇద్దరు ఒప్పుకోవడానికి 41 రోజులు పట్టింది. అందులో మొదటి పన్నెండు రోజులు వాడికి ఒక్క మాత్ర లేదు. జబ్బు ఉందని చెప్పాను. ‘‘కాగితం చూపించు’’ అన్నారు. కాగితాలు మా అమ్మ పొయ్యిలో ఉన్నాయి.

ఒక్కటి మిగిలింది. ఆ చీటీ వెనక అమ్మ పాల లెక్క రాసుకుంది, అందుకని కాల్చలేదు. ముందువైపు డాక్టరు రాత, వెనకవైపు ‘సోమ 2 లీ, మంగళ 2 లీ, బుధ లేదు’. ఆ చీటీ పట్టుకుని పోయాకే మా వకీలు నోరు పెగిలింది. కోర్టు డాక్టర్లకు చూపించమంది. జైల్లో మాత్రలు మొదలయ్యాయి.

లీలామహల్ గారు ‘మనిషి లోపలే ఏదో ఉంటుంది’ అన్నారు కదా. లోపల జబ్బు ఉంది, నిజం. అయితే ఏడు నెలలు ఆ జబ్బుతోనే కోళ్లఫారంలో గుడ్లు లెక్కపెట్టాడు. ఒక్క గుడ్డు తప్పు పోలేదు.

చిత్తూరు నల్లకోటు

ఈ పాల లెక్క చీటీ గురించి కోర్టులో ఉండే వాడిగా ఒకటి చెప్పాలి. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని చూడాలి అన్నాను కదా. ఆ ‘ముందు’ అనేదానికి సాక్ష్యం ఏమిటి? ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లు. వేలూరులో మూడేళ్లు చూపించుకున్న ఇంటివాడు ఫైలు తెచ్చి టేబుల్ మీద పెడతాడు. తాయెత్తు కట్టించుకున్నోడు ఏం తెస్తాడు? వేపమండలతో కొట్టినాయన రసీదు ఇవ్వడు. అదే జబ్బు, అదే తీవ్రత. ఒకరికి రుజువుంది, ఇంకొకరికి లేదు. నేను ఓడిపోయిన కేసుల్లో రెండు, మనిషికి జబ్బు లేక కాదు, కాగితం లేక ఓడాను. అందుకే జబ్బా, బతుకా అని రెండు గంపల్లో పెట్టి తూచడం నాకు చేతకాదు. మతి లేదని నిరూపించుకోవడానికి కూడా ఆస్తి కావాలి.

2022 లెక్క ప్రకారం దేశంలో జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. శిక్ష పడినోళ్లు కాదు. మీ తమ్ముడు 41 రోజులు ఆ రెండో అంకెలో ఉన్నాడు.

రాగిసంగటి

మామండూరు అన్నా, చదివాను. బాధగా ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఒకటి అడగాలి, తప్పుగా అనుకోవద్దు. ఆ బైకు ఎవరిది?

మామండూరు

అడగండి, తప్పేముంది. నెల్లూరు వైపు నుంచి భార్యాపిల్లలతో వచ్చిన ఆయనది. బండి స్టేషన్లో సీజైపోయింది, కోర్టు నుంచి విడిపించుకోవాలి. మూడుసార్లు తిరిగాడు, మూడు రోజుల పని పోయింది. మా అమ్మ కాళ్లు పట్టుకుంటే వెనక్కి జరిగాడు. ‘‘మీ కొడుక్కి జబ్బైతే నాకేం కోపం లేదమ్మా, అయితే మాత్రలు ఆపింది మీరు’’ అన్నాడు. బండికి కొత్త టైరు వేయించి ఇచ్చాం. ఆయన మాటకు మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

రాగిసంగటి

ఆయన మాట్లాడిందే నా మాట. ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. మతిలేనోడు కాకపోతే ఇంట్లోవాళ్లు, ఇంట్లోవాళ్లు లేకపోతే సర్కారు. ‘పరిస్థితులు’ అనే మనిషిని తెచ్చి బోనులో నిలబెట్టలేం కదా. మీరు ఇదే ముందు చెప్పుంటే నేను ఇంతసేపు వాదించేవాడిని కాదు.

నైట్‌డ్యూటీ

మామండూరు తమ్ముడూ, ఇప్పుడు మీవాడికి ఏ మందు? రోజూ మింగడం కుదరకపోతే నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఉంది, డాక్టరుని అడగండి. దాచే డబ్బా ఉండదు, మేనమామకు కనపడదు. రాత్రుళ్లు గాభరాగా ఉంటే 14416కి ఫోను చేయండి, టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు.

మామండూరు

ఇంజెక్షనే అక్కా. నెల మొదటి శనివారం. నేనే బండి మీద తీసుకుపోతా.

కొర్లగుంటోడు

పది రోజులైంది, అప్‌డేట్ ఇస్తా. కేసు పెట్టలేదు. మంచితనం అనుకోవద్దు, ఏడాదిన్నర కోర్టు చుట్టూ తిరగాలంటే షాపు ఎవరు చూస్తారు. అద్దం వేయించాను. ఎవరు ఇస్తారు అని అడిగిన 11,500 నేనే ఇచ్చుకున్నా. పిల్లోడికి కుట్లు విప్పారు, బయటి కౌంటర్లో కూర్చోమంటే మాత్రం కూర్చోవడం లేదు. మీరందరూ రాసింది చదివాను. రాగిసంగటి అన్న మాటే ఇప్పటికీ నాకు దగ్గరగా ఉంది.

ఇంకోటి. ఆ మనిషి శుక్రవారం నుంచి కనపడటం లేదు. మలుపులో గోనెపట్ట అట్లనే ఉంది. టీ బంకాయన్ని అడిగాను, తెలీదన్నాడు.

మామండూరు

శుక్రవారం ఏ టైము నుంచి?

కొర్లగుంటోడు

గురువారం రాత్రి షట్టరు దించేటప్పుడు ఉన్నాడు. పొద్దున లేడు.

రిటైర్డ్ హెడ్డు

రేపు పొద్దున రైల్వే స్టేషను, బస్టాండు, కపిలతీర్థం దగ్గర చూసొస్తా. నాకు వాకింగూ అవుతుంది. ఆనవాళ్లు చెప్పు తమ్ముడూ.

కొర్లగుంటోడు

నలభై ఉంటాయి. నల్లగా, సన్నగా. గుండు.

రిటైర్డ్ హెడ్డు

తిరుపతిలో గుండు అంటే ఎవర్ని వెతకను సామీ. ఇంకేమన్నా చెప్పు.

కొర్లగుంటోడు

కుడి కాలికి ఒక్కటే చెప్పు ఉంటుంది, నీలం రంగు హవాయి. రెండోది నేను కొనిస్తే వేసుకోలేదు. మా పిల్లోడు ఇప్పుడే చెప్పాడు, ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉందంట. ‘రవణమ్మ’ అని.